స్వీడన్‌లో అత్యాచారాలు భారత్ కంటే ముప్ఫై రెట్లు ఎక్కువన్న లెక్కను నమ్మవచ్చా?

న్యాయశాస్త్రం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. అంతర్జాతీయ పట్టికల్లో అత్యాచారాల రేటు స్వీడన్‌లో చాలా ఎక్కువగానూ భారత్‌లో చాలా తక్కువగానూ కనిపిస్తోంది కనుక, మన సమాజంలోనే స్త్రీలకు రక్షణ ఎక్కువని సెమినార్ పత్రంలో రాయవచ్చా అని వారి సందేహం. రాయకూడదు. చాలాకాలంగా ఒక న్యాయ కళాశాలలో నేరశాస్త్రం బోధిస్తున్నాను. ఈ పట్టికను దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఫోన్‌లో నాకు చూపిస్తారు. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

పట్టికలోని అంకెలు కల్పితాలు కావు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం ఆయా ప్రభుత్వాల నుంచి సేకరించిన వివరాల ప్రకారం 2010లో పోలీసుల వద్ద నమోదైన అత్యాచారాల రేటు లక్ష జనాభాకు స్వీడన్‌లో 63, భారత్‌లో 1.8. మీరు విన్న ముప్ఫై రెట్ల మాట ఇలాంటి అంకెల నుంచే పుట్టింది. అయితే ఆ పట్టిక కొలిచింది ఎన్ని అత్యాచారాలు జరిగాయన్నది కాదు, పోలీసుల రికార్డుల్లోకి ఎన్ని ఎక్కాయన్నది. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తరగతిలో అర్థం చేయించడానికి నేను ఒక అభ్యాసం ఇస్తుంటాను. దానిలో ఒక సాయంత్రం జరిగిన చర్చను ఇక్కడ చెప్పడం అవసరమనిపిస్తోంది.

బోర్డు మీద మూడు నిలువు గడులు గీసి వాటిపై భారత్, ఇంగ్లండ్, స్వీడన్ అని రాశాను. తరువాత ఒక ఊహాజనిత కేసు చెప్పాను. ముప్ఫై ఏళ్ల వివాహిత భర్తతో కలిసే ఉంటోంది. ఏడాది పాటు నెలకొకసారి భర్త ఆమెను కొట్టి, బలవంతంగా లైంగిక చర్యకు లోను చేశాడు. ఏడాది ముగిశాక ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్లి జరిగినదంతా చెప్పింది. ఆ ఒక్క స్త్రీ ఫిర్యాదు ఏ దేశపు అత్యాచారాల పట్టికలో ఎంత సంఖ్యగా మారుతుందో గడుల్లో నింపమన్నాను.

స్వీడన్ గడి ముందుగా నిండింది. అక్కడ భార్యపై అత్యాచారం 1965 నుంచే నేరం. పైగా ప్రతి ఘటననూ విడివిడిగా లెక్కిస్తారు కనుక అక్కడ 12 అని రాశారు. ఇంగ్లండ్‌లో భర్తకున్న మినహాయింపును హౌస్ ఆఫ్ లార్డ్స్ 1991లో తొలగించింది. కానీ ఒకే నిందితుడు ఒకే బాధితురాలిపై చేసిన నేరాల వరుసను ఒకేసారి ఫిర్యాదు చేస్తే సాధారణంగా ఒక్క నేరంగానే లెక్కిస్తారు, కాబట్టి అక్కడ 1 పడింది. భారత్ గడి దగ్గర తరగతి కొంతసేపు ఆగిపోయింది. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండిన భార్యతో భర్త జరిపే లైంగిక చర్య అత్యాచారం కాదు. కనుక అక్కడ సున్నా రాయవలసి వచ్చింది. ఒక విద్యార్థి మాత్రం, 85వ సెక్షన్ కింద, అంటే పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 498-ఎ కింద, క్రూరత్వపు కేసు పెట్టవచ్చు కదా అని వాదించాడు. పెట్టవచ్చు, అయినా అత్యాచారాల గడిలో అది సున్నాయే అని నేను చెప్పబోతుండగా, వెనుక వరుసలో కూర్చునే ఒక హెడ్ కానిస్టేబుల్ లేచారు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రం తరగతులకు వచ్చి చదువుకుంటున్న పెద్దాయన.

"మేడమ్, స్టేషన్‌లో ఏం జరుగుతుందో నేను చెబుతాను. ఆ 85 కూడా వెంటనే రాయం. ముందు కౌన్సెలింగ్ అంటాం, రెండు వైపుల పెద్దలనూ పిలిపిస్తాం, వారం ఆగి రమ్మంటాం. ఆమె మళ్లీ రాకపోతే జనరల్ డైరీలో ఒక వాక్యం ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు" అన్నారు.

ముందు వరుసలోని ఒక అమ్మాయి, "అయితే ఆమె ఏ లెక్కలోనూ ఉండదా?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను ఆ అభ్యాసం ఇస్తాను. ఉంటుంది, కానీ పోలీసుల లెక్కలో కాదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉండే అవకాశం ఉంది అని చెప్పి, ఆ సర్వే హింస గురించి ఎలా అడుగుతుందో వివరించాను. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంపిక చేస్తారు. ఏకాంతం దొరికితేనే ఈ భాగం అడుగుతారు, మధ్యలో ఎవరైనా వస్తే ఆపేస్తారు. అత్యాచారం అన్న మాట ఎక్కడా రాదు. మీకు ఇష్టం లేనప్పుడు మీ భర్త శారీరకంగా బలవంతం చేసి మీతో లైంగిక చర్య జరిపారా అని, జరిగిన పనినే పేర్కొని అడుగుతారు. ఇది విన్న హెడ్ కానిస్టేబుల్‌గారు కాసేపు ఆలోచించి అన్న మాట నేను తరువాతి బ్యాచ్‌లన్నిటికీ చెబుతున్నాను. "మేమైతే 'ఏం జరిగిందో చెప్పమ్మా' అని ఊరుకుంటాం మేడమ్. ఆమె 'ఇబ్బంది పెడుతున్నాడు' అంటుంది. మేమూ అదే రాసుకుంటాం. ఇలా విడమరిచి అడిగితే జవాబే వేరేగా వచ్చేది."

లైంగిక హింసపై గడచిన యాభై ఏళ్ల పరిశోధన కనుగొన్న అతి ముఖ్యమైన విషయాన్ని ఆయన అనుభవం మీదే పట్టుకున్నారు. అమెరికాలో 1980లలో మేరీ కాస్ బృందం 32 విద్యాసంస్థల్లో ఆరు వేలకు పైగా విద్యార్థులను ఈ పద్ధతిలోనే ప్రశ్నించింది. అత్యాచారం అన్న మాట వాడకుండా జరిగినదాన్ని వర్ణిస్తూ అడిగినప్పుడు, పద్నాలుగేళ్ల వయసు తరువాత అత్యాచారానికో ఆ ప్రయత్నానికో గురైనవారు విద్యార్థినుల్లో నాలుగో వంతుకు పైగా తేలారు. చట్టం ప్రకారం అత్యాచారమే అయినదాన్ని అనుభవించిన వారిలో అత్యధికులు తమకు జరిగినది అత్యాచారమని అనుకోనేలేదు. దీన్ని పట్టుకుని ఆ సర్వేను అతిశయోక్తి అని కొట్టిపారేసినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా దృష్టిలో ఆ విమర్శ నిలవదు. తన ఇంట్లో జరిగిన దొంగతనాన్ని ఏ సెక్షన్ కింద చేర్చాలో తెలియనివాడి ఇంట్లో దొంగతనం జరగలేదని మనం అనం కదా.

మగవారినే అడిగిన పరిశోధన దీనికంటే ధైర్యమైనదని నా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఆసియా పసిఫిక్ ప్రాంతంలోని ఆరు దేశాల్లో సుమారు 10,000 మంది పురుషులను ప్రశ్నించి 2013లో ఫలితాలు ప్రకటించాయి. బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్న ఆ జాబితాలో భారత్ లేదు. ఒక స్త్రీపైనో బాలికపైనో అత్యాచారంగా లెక్కకు వచ్చే పని చేశామని దాదాపు నాలుగో వంతు మంది ఒప్పుకున్నారు. ఎందుకు చేశారన్న ప్రశ్నకు ఎక్కువమంది ఇచ్చిన కారణం కోపమో తాగుడో కాదు, ఆమె ఇష్టంతో పని లేకుండా తమకు ఆ హక్కు ఉందన్న భావన. దుస్తుల గురించి, వేళకాని వేళ బయటికి వెళ్లడం గురించి మన టీవీ చర్చల్లో గంటల తరబడి మాట్లాడేవారు ఈ ఒక్క ఫలితాన్ని చదివితే చాలు.

ఇక మీ పట్టిక విషయానికి వస్తే, స్వీడన్ అంకె పెద్దదిగా కనబడటానికి లెక్కింపుతోపాటు నిర్వచనం కూడా కారణం. 2005లో చట్టం మార్చి, నిద్రలోనో మత్తులోనో నిస్సహాయంగా ఉన్న వ్యక్తిపై జరిపిన చర్యను అత్యాచారంలో చేర్చారు. 2018 జూలై 1 నుంచి బలప్రయోగం ప్రసక్తి లేకుండా, స్వచ్ఛందంగా పాల్గొనకపోవడమే నేరానికి ఆధారమైంది. ఫిర్యాదు అందిన రోజునే అత్యాచారంగా నమోదు చేస్తారు. దర్యాప్తులో అది మరొకటని తేలినా ఆ సంఖ్యను వెనక్కి తీసుకోరు. జర్మనీలో దర్యాప్తు ముగిశాకే గణాంకాల్లోకి ఎక్కిస్తారు. స్వీడన్ నేర నివారణ మండలి 2020లో చేసిన అధ్యయనం ప్రకారం, 2016లో లక్షకు 64గా ఉన్న తమ రేటు జర్మనీ పద్ధతిలో లెక్కిస్తే 15కు పడిపోతుంది. నేరాలు అవే, లెక్క రాసే పద్ధతి మారింది, అంతే.

మన జాతీయ నేర గణాంక సంస్థ అంకెలు చదివేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలు ఉంటే అత్యంత తీవ్రమైనదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. బాలికలపై జరిగినవి ఎక్కువగా పోక్సో శీర్షిక కింద వేరే పట్టికలో ఉంటాయి. ఆ పట్టికను తెరవకుండానే దేశంలో అత్యాచారాల సంఖ్య ఇంత అని వ్యాసాలు రాసేస్తున్నారు. 2012లో 24,923గా ఉన్న కేసులు 2013లో 33,707కు చేరినప్పుడు, ఒక్క ఏడాదిలో మగవారు మూడో వంతు ఎక్కువ క్రూరులయ్యారన్నట్టు పత్రికలు రాశాయి. నిజానికి ఆ ఏడాది మారినవి వేరు. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నివేదిక తరువాత చట్టంలో అత్యాచార నిర్వచనం విస్తరించింది, సమ్మతి వయసు 16 నుంచి 18కి పెరిగింది, ఇలాంటి ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి శిక్ష విధించే 166-ఎ సెక్షన్ వచ్చింది, ఢిల్లీ ఘటన తరువాత ఎందరో స్త్రీలు స్టేషన్ మెట్లెక్కే ధైర్యం చేశారు. అంకె పెరగడాన్ని నేను ఆ ఏడాదికి సంబంధించిన మంచి వార్తగానే బోధిస్తాను. మరోవైపు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామని చెప్పిన స్త్రీలలో ఎవరి సహాయమైనా కోరినవారు 14 శాతమే. వారిలోనూ ఎక్కువమంది వెళ్లింది సొంత కుటుంబం దగ్గరికే. మీ పట్టికలోని 1.8 వెనుక ఉన్నది ఈ మౌనం.

నన్ను నిజంగా బాధించేది మాత్రం ఈ విషయాన్ని మనం బోధించే తీరు. అత్యాచార సెక్షన్లు వచ్చేసరికి "ఇవి మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసే అధ్యాపకులను నేను చూశాను. పరీక్షకు గైడు చదివి నిర్వచనం అప్పజెప్పి ఉత్తీర్ణులైన ఆ పిల్లలే రేపు ప్రాసిక్యూటర్లు, మేజిస్ట్రేట్లు అవుతారు. అమెరికాలోనూ విద్యార్థులు కలత చెందుతారన్న భయంతో కొందరు అధ్యాపకులు ఈ పాఠాన్ని వదిలేస్తున్నారని హార్వర్డ్ ఆచార్యురాలు జీనీ సక్ 2014లోనే హెచ్చరించారు. తరగతిలో బాధితులు కూర్చుని ఉంటారన్నది నిజమే. ప్రతి తరగతిలోనూ ఉంటారనే నేను భావించి మాట్లాడతాను, ఏ రోజు ఏం చర్చిస్తామో ముందే చెబుతాను, ఎవరినీ పేరు పెట్టి లేపి అడగను. దానికోసం పాఠాన్నే మానేస్తే నష్టపోయేది ఆ బాధితులే. వైద్య విద్యలో పరిస్థితి ఇంతకంటే ఘోరం. బాధితురాలికి అంతకుముందు లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చే పేరుతో చేసే రెండు వేళ్ల పరీక్ష ఆమె గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పినా, కన్యత్వ లక్షణాల వంటి అశాస్త్రీయ భాగాలను పాఠ్యప్రణాళికలో సవరించడానికి జాతీయ వైద్య కమిషన్‌కు 2022 దాకా పట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద బాధ్యులను చేయాలని మళ్లీ చెప్పవలసి వచ్చింది.

దేశాలను పోల్చే ముందు మన కేసులను మనం చదవాలన్నది నా గట్టి నమ్మకం. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని ఆందోళనలతో అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల తప్పు తేలినా, రాష్ట్రం దాటి రాయచూరుకు వెళ్లిన కేసులో నిందితులు నిర్దోషులయ్యారు. ఆ ఆందోళనలతోపాటు, స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం కేసులో పోలీసులను నిర్దోషులుగా వదిలేస్తూ 1978లోనే సుప్రీంకోర్టు ఇచ్చిన తుకారాం తీర్పుపై న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ 1979లో రాసిన బహిరంగ లేఖ కూడా తోడై, 1983లో కస్టడీ అత్యాచారానికి ప్రత్యేక సెక్షన్లు వచ్చాయి. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు మావోయిస్టులను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళమైన గ్రేహౌండ్స్ సిబ్బందిపై చేసిన ఆరోపణల కేసు 2023లో నిందితుల విడుదలతో ముగిసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని న్యాయస్థానమే ఆదేశించింది. ఈ రెండు కేసులు తెలియని న్యాయశాస్త్ర పట్టభద్రులు మన తెలుగు రాష్ట్రాల్లో వందల్లో ఉంటారు.

మీ సెమినార్ పత్రానికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఒకే ప్రశ్నలను ఒకే పద్ధతిలో అడిగిన సర్వేలనే పోల్చండి. ఐరోపా సంఘపు ప్రాథమిక హక్కుల సంస్థ 28 దేశాల్లో 42,000 మంది స్త్రీలను అడిగి 2014లో ప్రకటించిన సర్వేతో మొదలుపెట్టండి. అందులో కూడా పదిహేనేళ్ల వయసు తరువాత శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామన్నవారు స్వీడన్‌లో 46 శాతం, పోలండ్‌లో 19 శాతం. ఈ తేడాలో ఎంత భాగం హింసది, ఎంత భాగం దాన్ని బయటికి చెప్పగల స్వేచ్ఛది అన్న దానిమీద మీ పత్రం రాయండి. ఆ పని చేసేటప్పుడు మీ జిల్లా కోర్టులోని తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఉన్నాయి, వాటిలో ఒక ఏడాదివి తీసుకుని ఫిర్యాదుకూ ఎఫ్‌ఐఆర్‌కూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో, ఆ ఆలస్యానికి తీర్పులో ఏ కారణం రాశారో ఒక్కొక్కటిగా నమోదు చేసుకోండి.