పంది సారీ చెప్పదు నాయనా

చిరంజీవికి,

నీ కథ అందింది. రెండు పేజీలు బాగానే నడిచింది, మూడో పేజీకి వచ్చేసరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. నల్లమలలో సింహం సభ పెట్టడమేంటయ్యా? మన దేశంలో అడవి సింహాలు ఉండేది గుజరాత్‌లో, గిర్ అడవిలోనూ దాని చుట్టుపక్కలా. నల్లమలలో ఉండేది పెద్దపులి, అది కూడా సభలూ గిభలూ పెట్టదు.

సరే, సింహాన్ని క్షమించేస్తా. చివర్లో అడవిపంది చేతులు జోడించి "సారీ బాబూ, ఇంకెప్పుడూ మీ చేలోకి రాను" అంటుంది చూడు, అక్కడ మాత్రం నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నాకు పదేళ్లప్పుడు వేరుశనగ చేలో మంచె మీద తాతతో పడుకునేవాణ్ణి. ఒక రాత్రి తాత నా నోరు మూశాడు. ఏమీ కనబడటం లేదు. ముందు వాసన వచ్చింది, కుళ్లిన బురద వాసన, తర్వాత కాయలు నములుతున్న చప్పుడు. దానికి చూపు అంతంతమాత్రం, కానీ మట్టిలో ఉన్న కాయని ముట్టెతో పసిగట్టేస్తుంది. పందికేం తెలుసు పన్నీరు వాసన అన్నవాడెవడో గానీ ఎప్పుడూ చేనుకి కాపలా పడుకుని ఉండడు. మా కుక్క ఉరికింది. ఒంటరి మగపంది అది, తల దించి కింది నుంచి పైకి ఒక్క విసురు విసిరింది. నోరు ఆడించినప్పుడల్లా కింది కోర పై కోరకి రాసుకుని పదునెక్కుతూనే ఉంటుందని నాకప్పుడు తెలీదు, కుక్క డొక్క చూశాక తెలిసింది. తాత గోనెసంచులు కుట్టే దబ్బనంతోనే కుట్టాడు. తెల్లారేసరికి పోయింది.

పాతికేళ్లకి దాన్ని కథగా రాసి ఒక పిల్లల పత్రికకి పంపాను. సంపాదకుడు గారు "పిల్లలు భయపడతారు, కుక్కని బతికించండి, పందిలో పశ్చాత్తాపం చూపించండి" అని కార్డు రాశారు. బతికించాను, చూపించాను. అచ్చయింది, మనియార్డరూ వచ్చింది. ఆ సంచిక ఇంట్లో ఎక్కడుందో నాకు తెలుసు, మా పిల్లలకి మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

పిల్లలకి భయం కావాలి నాయనా, దుప్పటి కప్పుకుని వినే భయం. ఈ మధ్య వచ్చే పుస్తకాల్లో పులికీ పందికీ కుందేలుకీ అన్నిటికీ ఒకే పెద్ద కళ్లు, ఒకే నవ్వు, ఆఖర్న ఒక నీతి. పంది బురదలో పొర్లేది మురికి అలవాటై కాదు, మనలాగా దానికి చెమట పట్టదు, ఒళ్లు చల్లబరుచుకోవాలి, పురుగులు వదిలించుకోవాలి. ఈనే ముందు తల్లి ఆకులూ గడ్డీ పోగేసి గూడు కడుతుంది. పిల్లల ఒంటి మీద చారలుంటాయి, పెరిగే కొద్దీ అవి పోతాయి. ఇన్ని ఉండగా దాని చేత సారీ చెప్పించడం దేనికి? అది నీ చేనుని పాడుచేసింది, మీ నాన్న అప్పులపాలయ్యాడు, అయినా అది చెడ్డది కాదు. ఈ మూడూ ఒకే కథలో ఇమడ్చగలిగితే అప్పుడు నాకు పంపు.

ఎలుగుబంటి చేత తేనె ఒక్కటే తాగించావు. దానికి పైన ముందు పళ్లు రెండుండవు, ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుని తింటుంది, చప్పుడు దూరానికి వినిపిస్తుంది. కథలో అది రాయి. పిల్లలు ఆ చప్పుడు చేసి చూస్తారు.

పోటీల గురించి, పబ్లిషర్ల గురించి ఏదో అడిగావు, తర్వాత చూద్దాంలే.

అన్నట్టు, పందులు రాకుండా మీ అమ్మ పాత చీరలు చేను చుట్టూ కట్టిందని రెండో పేజీలో ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. పొద్దున చూస్తే వాటిలో ఒకటి చిరిగి ఉందన్నావు కదా, అది ఏ రంగు చీర?

ఉంటాను.