టెక్ సందేహాలు: తప్పు బయోస్ పట్టికలో ఉంటే ఓఎస్ మళ్లీ వేసినా పోదు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు వేసుకున్నాను. ఉబుంటు మొదలైన ప్రతిసారీ నల్లటి తెరపై ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అంటూ నాలుగైదు వరుసలు వచ్చి పోతున్నాయి. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ ఆగడం లేదు. రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా ఫలితం లేదు. ఏసీపీఐని పూర్తిగా ఆపేయమని మిత్రుడు చెబుతున్నాడు. ఆపేయవచ్చా?

జవాబు: దయచేసి ఆపేయకండి. ఏసీపీఐ అంటే విద్యుత్తు, పరికరాల నిర్వహణను ఓఎస్ (విండోస్, ఉబుంటు వంటివి) చేతికిచ్చే ప్రమాణం. బ్యాటరీ శాతం, మూత వేస్తే నిద్రలోకి వెళ్లడం, వేడిని బట్టి ఫ్యాన్ వేగం మారడం వంటివన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చిన ఈ ప్రమాణం ప్రకారం, ల్యాప్‌టాప్ తయారీదారు తన యంత్రం వివరాలను కొన్ని పట్టికలుగా బయోస్‌లో (ఓఎస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాములో) ఉంచుతాడు. డీఎస్‌డీటీ అనే ప్రధాన పట్టికలో వివరాలే కాక చిన్న చిన్న ప్రోగ్రాములూ ఉంటాయి. వాటిని నడిపేది మీ ఓఎస్. రాసినవాడి తప్పు చదివేవాడి దగ్గర బయటపడుతోంది కాబట్టి ఉబుంటును ఎన్నిసార్లు వేసినా అవే వరుసలు వస్తాయి.

ఆ వరుసల చివర ‘ఏఈ నాట్ ఫౌండ్’ అని ఉంటే, పట్టికలో ప్రస్తావించిన ఒక పేరుకు నిర్వచనం దొరకలేదని అర్థం. ఒకే బయోస్ కోడ్‌ను పలు మోడళ్లకు వాడినప్పుడు, మీ బోర్డుపై లేని పరికరాల పేర్లు కూడా అందులో మిగిలిపోవచ్చు. అలాంటి వరుసలు చాలావరకు హానిలేనివి. విండోస్ వీటిని తెరపై చూపదు గానీ, పట్టిక మరీ చెడితే అక్కడా ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అనే నీలి తెర వస్తుంది.

మీకు అసలు ఇబ్బంది ఫ్యాన్. ఉబుంటులో సిస్, ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, ఇంటరప్ట్స్ అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళ్తే జీపీఈతో (పరికరాలు ఓఎస్‌కు పంపే సంకేతాల పేరు) మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కో ఫైలులో ఒక్కో అంకె ఉంటుంది. వాటిని ఒకసారి రాసుకుని, నిమిషం ఆగి మళ్లీ చూడండి. మిగతావన్నీ సున్నా దగ్గరో, పదుల్లోనో ఉండగా ఒక్కటి మాత్రం వేలకు వేలు పెరుగుతుంటే, ఆ సంకేతమే ప్రాసెసర్‌ను కుదురుగా ఉండనివ్వడం లేదన్నమాట. ఇలాంటి ఫిర్యాదుల్లో తరచుగా కనిపించేది జీపీఈ 6ఎఫ్.

ముందుగా బయోస్‌ను అప్‌డేట్ చేయండి. తయారీదారు సైట్‌లో మోడల్ నంబరు అక్షరం తేడా లేకుండా సరిచూసుకుని, ఛార్జర్ పెట్టి ఉంచి, విండోస్ నుంచే చేయడం సులువు. బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారాన్ని తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీని ముందే రాసిపెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి.

అప్పటికీ అంకె ఆగకపోతే, ఏ ఓఎస్‌ను నడపాలో అడిగే గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, లినక్స్ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ఏసీపీఐ, మాస్క్, జీపీఈ అనే మూడు మాటలను చిన్న అక్షరాల్లో, మధ్య అండర్‌స్కోర్లతో రాసి, ఈక్వల్ గుర్తు తర్వాత సున్నా, ఎక్స్, ఆ ఫైలు నంబరు చేర్చండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. ఫ్యాన్ శాంతించిందా, మూత, బ్రైట్‌నెస్ మీటలు, ఛార్జింగ్ గుర్తు ఎప్పటిలాగే ఉన్నాయా అన్నది రెండు రోజులు చూసి, అన్నీ బాగుంటేనే గ్రబ్ సెట్టింగుల్లో శాశ్వతంగా రాయండి.

పట్టికను బయటికి తీసి, సరిదిద్ది, ఓఎస్ మొదలయ్యేటప్పుడు ఎక్కించే మార్గమూ ఉంది. మీకు దాన్ని సూచించను. సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకం లేని ప్రోగ్రాములను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే సాధారణంగా అది కుదరదు. పైగా తర్వాత బయోస్ అప్‌డేట్ చేసినా మీరు ఎక్కించిన పాత పట్టికే కొత్తదాని స్థానంలో నడవవచ్చు.