పిల్ల వదిలే ముందు

చిరంజీవి శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. మండవల్లి దగ్గర ఆరెకరాల చెరువు లీజుకు తీసుకున్నావని, చేప పిల్ల కోసం అప్పుడే అడ్వాన్స్ ఇవ్వబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ అడ్వాన్స్ కొన్నాళ్లు ఆపు. చెరువు సిద్ధం కాకుండా బేరం కుదుర్చుకుంటే, బండి ఎప్పుడు రావాలో అమ్మేవాడు తేలుస్తాడు. ఆ రోజు నీళ్లు బాగున్నా బాగోకపోయినా నువ్వు వదలక తప్పదు. మన చుట్టుపక్కల పంట దెబ్బతిన్న వాళ్లలో చాలామంది అక్కడే దెబ్బతిన్నారు.

ముందు లీజు సంగతి. ఆ చెరువు కొల్లేరు ఐదో కాంటూరుకి, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన సరస్సు హద్దుకి, బయట ఉందో లేదో సర్వేయర్ చేత కొలిపించు. 1999లో కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యం చేశారు. 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఓనర్ నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకు.

ఇక చెరువు. నీళ్లు పూర్తిగా తోడించి, అడుగు పగుళ్లిచ్చేదాకా ఎండనివ్వు. నల్లగా వాసన కొట్టే ఒండ్రు ఉంటే తీయించు. మట్టి పరీక్ష చేయించి దాన్ని బట్టి సున్నం వేయి. పీహెచ్ ఏడు పైన ఉంటే ఎకరానికి వంద కిలోల దగ్గర సరిపోతుంది, పులుపు నేల అయితే ఇంకా పడుతుంది. ఎండగట్టడం కుదరకపోతే లోపలి పాత చేపలు చావడానికి ఇప్పపిండి (ఇప్పగింజల చెక్క) చల్లాలి. మీటరు లోతు నీళ్లకు ఎకరానికి సుమారు టన్ను పడుతుంది. ఖర్చే, కానీ కొర్రమీను, వాలుగ, మార్పు లాంటి వేటాడే చేపలు లోపల మిగిలితే నీ పిల్లని తిని బలుస్తాయి. ఇప్పపిండి విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తర్వాత అదే ఎరువుగా పనిచేస్తుంది. అడ్వాన్స్ ఆపమన్నది అందుకే. కాలవ నీళ్లు పెట్టేటప్పుడు తూముకి సన్నకన్ను వల కట్టించు, లేకపోతే ఇంత చేసీ ఆ చేపలనే మళ్లీ లోపలికి పిలిచినట్టవుతుంది.

పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేశాక నీళ్లు ఆకుపచ్చ, లేత గోధుమ కలిసిన రంగుకి తిరగాలి. చెయ్యి నిటారుగా నీళ్లలో ముంచి చూడు. మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనపడకపోతే నీళ్లలో మేత బాగుంది. మణికట్టు మునిగేసరికే కనపడకపోతే ఎరువు ఆపెయ్.

ఇప్పుడు పిల్ల గురించి. వేలెడు పిల్ల చవగ్గా వస్తుంది కదా అని నీకు అనిపిస్తుంది. నా మాట విని జీరో సైజే తీసుకో. ఒక చెరువులో ఒత్తుగా వేసి, మేత తగ్గించి, ఏడాది దాకా పెరగనివ్వకుండా ఉంచిన పిల్ల అది. వెడల్పు నీళ్లు, కడుపునిండా మేత దొరకగానే ఒక్కసారిగా అందుకుంటుంది. పైగా నూరు నూటయాభై గ్రాముల పిల్లని నీటికాకి అంత తేలిగ్గా ఎత్తుకుపోలేదు. ఎకరానికి రెండున్నర వేలు చాలు, నీ ఆరెకరాలకి పదిహేను వేలు. అందులో పదికి తొమ్మిది శీలావతి, ఒకటి బొచ్చె. బొచ్చె తొందరగా బరువెక్కుతుందని ఎక్కువ వేయమనే వాళ్లుంటారు. అది పైనీళ్లలో మేత తినే చేప, సంఖ్య పెరిగితే దాని మేతే దానికి చాలదు. పైగా ఇక్కణ్ణుంచి ఐసు వేసి హౌరాకీ అస్సాంకీ పంపే లోడుల్లో అడిగేది ఎక్కువగా శీలావతినే.

కొనేముందు పిల్ల అమ్మేవాళ్ల చెరువు గట్టు మీదికి నువ్వే వెళ్లు, మనిషిని పంపకు. వల లాగించి పాతిక ముప్పై పిల్లలని టబ్బులో వేయించు. చేత్తో నీళ్లు గుండ్రంగా తిప్పితే ఆరోగ్యంగా ఉన్న పిల్ల సుడికి ఎదురు ఈదుతుంది, నీరసంగా ఉన్నది కొట్టుకుపోతుంది. ఒకదాన్ని పట్టుకుని మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా ఉండాలి. రెక్కల మొదట్లో పేను ఉందేమో చూడు. చదునుగా, గాజులా ఉండి పాకుతుంది. పేను కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దను. కిలోకి ఎన్ని తూగుతున్నాయో రెండు మూడు చోట్ల తూయించి రాసుకో. బండి ఎక్కించేటప్పుడూ అదే లెక్క రావాలి. నచ్చిన ఇరవై పిల్లల్ని తెచ్చి నీ చెరువులో హాపా (సన్నకన్ను వలగుడ్డ తొట్టి) కట్టి ఒక రోజంతా ఉంచు. అవి హుషారుగా ఉంటేనే అడ్వాన్స్ ఇవ్వు.

పట్టే ముందురోజు మేత ఆపమని అమ్మేవాళ్లతో గట్టిగా చెప్పు. కడుపు ఖాళీ కాకుండా బండెక్కితే దారిలో మలంతో ట్యాంకు నీళ్లు చెడిపోతాయి. దిగేటప్పుడు బతికే ఉంటుంది, రెండో రోజో మూడో రోజో తేలుతుంది. అప్పుడు అమ్మినవాడు నీ నీళ్ల తప్పంటాడు, నువ్వు పిల్ల తప్పంటావు.

బండి ఏ వేళకి రావాలో బాగా గుర్తుపెట్టుకో. చల్లగా ఉంటుందని చాలామంది తెల్లవారక ముందే వదులుతారు. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి, తెల్లవారుజామున చెరువులో గాలి అన్నిటికన్నా తక్కువ. ప్రయాణంలో అలిసిన పిల్లని ఆ నీళ్లలో పోస్తే ఎలా తట్టుకుంటుంది? పొద్దెక్కాక ఏడూ ఎనిమిదింటికి వదులు, లేకపోతే సాయంత్రం. మబ్బు పట్టిన రోజు అసలు వద్దు. బండి వచ్చాక అరగంట పాటు చెరువు నీళ్లు కొద్దికొద్దిగా ట్యాంకులో కలపించు. ఇరవై లీటర్ల నీళ్లకి అరకిలో కల్లుప్పు కలిపి, పిల్లని వలతో ఎత్తి అందులో ఒక నిమిషం ముంచి వదిలితే ఒంటి మీద గాయాలకు మంచిది. విసిరిపోయకుండా నీళ్ల దగ్గరికి తెచ్చి వంచితే చాలు, అదే ఈదుకుంటూ పోతుంది. వలవాళ్లు తొందరపడితే ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టు, ఆ కూలి దగ్గర మాత్రం వెనకాడకు.

మొదటి రోజు మేత వేయకు. పదిహేను వేల పిల్ల, ఒక్కోటి నూటయాభై గ్రాములు అనుకుంటే చెరువులో రెండుంబావు టన్నుల చేప ఉన్నట్టు. రెండో రోజు ముప్పై కిలోల తవుడుతో మొదలుపెట్టి, వారంలో డెబ్బై దాకా తీసుకెళ్లు. చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి కర్రలకు కట్టించు. సాయంత్రానికి సంచిలో మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. వేరుశనగ చెక్క తర్వాత కలుపుదువుగాని. వారం పాటు రోజూ పొద్దున్నే గట్టు చుట్టూ తిరిగి, తేలిన పిల్లని లెక్కపెట్టి తీయించి, పుస్తకంలో రాసుకో. పొద్దున్నే పిల్ల పైకొచ్చి నోరు తెరుస్తుంటే మేత ఆపి వెంటనే కొత్త నీళ్లు పెట్టు.

నెల తిరిగాక విసురువలతో శాంపుల్ పట్టించి, కిలోకి ఎన్ని తూగాయో నాకు ఫోన్ చేసి చెప్పు. దాన్ని బట్టి మేత ఎంత పెంచాలో చూద్దాం.

మీ
పెదనాన్న