స్వాతికి, ల్యాండ్‌స్కేప్ అసైన్‌మెంట్ గురించి

చిరంజీవి స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ డ్రాఫ్ట్ చదివాను. ఎంచుకున్న నాలుగు బొమ్మలూ బాగున్నాయి. కానీ రంగుకో పేజీ, గీతకో పేజీ, పర్‌స్పెక్టివ్‌కో (చదునైన కాగితం మీద దూరాన్ని చూపించే పద్ధతికో) పేజీ అని విడగొట్టేసరికి ఏ బొమ్మా నిలబడలేదు. అలా వద్దమ్మా. నాలుగింటినీ ఒకటే ప్రశ్న అడుగు: ఇందులో దూరం దేనివల్ల కనిపిస్తోంది? ఒకదాంట్లో గీత వల్ల, ఇంకోదాంట్లో రంగు వల్ల. ఆ తేడా పట్టుకుంటే పోలిక దానంతటదే వస్తుంది.

డచ్ చిత్రకారుడు హొబ్బెమా 1689లో వేసిన మిడెల్‌హార్నిస్ చెట్ల దారి తేలిక. ప్రింట్ మీద స్కేలు పెట్టి దారి అంచుల్ని, చెట్ల కొనల్ని కలుపుతూ పెన్సిల్‌తో గీతలు లాగు. అన్నీ దారి చివర ఒక్కచోట కలుస్తాయి. చూసేవాడి కంటి మట్టం అదే. బ్లాక్ అండ్ వైట్ చేసినా లోతు పోదు, ఎందుకంటే పనంతా గీతే చేస్తోంది. దీనికి ఒక పేరా చాలు.

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే దగ్గర ఆగు. 1872 నాటి ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ ఫోన్‌లో తెరిచి, ఎడిట్‌లో రంగంతా తీసెయ్. అంత ఎర్రగా మండుతున్న సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! వెనకున్న బూడిద రంగు ఆకాశం ఎంత వెలుతురుగా ఉందో సూర్యుడూ అంతే. తేడా అంతా రంగులోనే పెట్టాడు. ఇక పడవలు చూడు. ముందుది ముదురు, వెనకది కొంచెం లేత, మూడోది మంచులో కలిసిపోయింది. గీతలు లాగడానికి అంచులే లేవు, అయినా రేవు ఎంత దూరమో తెలుస్తోంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే వైజాగ్ ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ వైపు చూడు. గాల్లో తేమ పట్టిన మధ్యాహ్నం కొండ మీద పచ్చదనం కనబడదు, మొత్తం నీలం కలిసిన బూడిద. వాన వెలిశాక అదే కొండ చేతికందేలా ఉంటుంది. మధ్యలో ఉన్న గాలి మారింది, అంతే.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పెద్ద అల గురించి ‘భయంకరంగా ఉంది’ అని రాసి వదిలేశావు. నాలుగింట్లో నాకు బాగా నచ్చింది అదే, కాబట్టి కోపమొచ్చింది. 1831 ప్రాంతంలో చెక్క మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మ. హొరైజన్, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే గీత, ఎక్కడుందో చూశావా? బాగా కింద. మన కన్ను దాదాపు నీటి మట్టంలో ఉంది, అందుకే అల ఫుజి కొండను మించి లేచింది. అనుమానం ఉంటే ఒక పూట ఇసుకలో కూర్చుని చూసి, తర్వాత కైలాసగిరి ఎక్కు. ఇసుకలోంచి చూస్తే సముద్రం సన్నటి పట్టీ, లంగరేసిన ఓడలు హొరైజన్‌కి ఆనుకుని ఉంటాయి. పైకెళ్తే హొరైజన్ నీతోపాటే లేస్తుంది, ఓడలు నీళ్ల మధ్యలోకి దిగిపోతాయి. కొండ మీద నుంచి చూసినట్టు వేసుంటే ఆ అల ఫుజిని దాటేది కాదు. ముందున్న చిన్న అల కూడా ఫుజి ఆకారంలోనే ఉంది, అది వదలకు. ఆ నీలం ప్రష్యన్ బ్లూ, యూరప్‌లో పుట్టిన రంగు. అదీ ఒక మాట రాయి.

చైనా చిత్రకారుడు గువో షీ ‘తొలి వసంతం’ (1072) మీద స్కేలు పెట్టకు, గీతలు ఎక్కడా కలవవు. శిఖరాన్ని తలెత్తి చూస్తాం, లోయలోకి తొంగి చూస్తాం, పక్కనున్న దూరాన్ని ఎదురుగా చూస్తాం. ఒక్కచోట నిలబడి చూడమని ఆయన అడగలేదు. ‘పర్‌స్పెక్టివ్ తెలియదు’ అన్న నీ వాక్యం కొట్టెయ్, మా టెన్త్ పిల్లలు కూడా అలా రాయరు. పట్టు మీద సిరాతో వేసిన బొమ్మ కదా, కొండల మధ్య పొగమంచు కోసం వదిలిన ఖాళీయే దూరాన్ని చూపిస్తోంది.

ఇంకోటి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి రంగుల గురించి రాయకు, మ్యూజియం సైట్‌లోని ఇమేజ్ తీసుకో. సైజులు కూడా రాయి. పెద్ద అల వెడల్పు దాదాపు 38 సెంటీమీటర్లే, గువో షీ బొమ్మ ఒకటిన్నర మీటరు పైనే ఎత్తు. ప్రొజెక్టర్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మళ్లీ రాశాక పీడీఎఫ్ పంపకు. ప్రింట్ తీసుకుని ఇంటికి రా, మార్జిన్‌లో రాస్తేగానీ నాకు తోచదు.

పెదనాన్న