హారన్ వినిపించే హెడ్‌ఫోన్: పేటెంట్ వస్తుందా, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఈసీఈ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. చుట్టూ ఉన్న రొదను అణచివేస్తూనే వాహనాల హారన్‌ను మాత్రం వినిపించే హెడ్‌ఫోన్‌ను ప్రాజెక్టుగా చేశాను. ‘ఇది ఎవరికైనా తట్టేదే, పేటెంట్ రాదు’ అని మా లెక్చరర్ అంటున్నారు. ఆ సంగతి ఎలా తేలుస్తారు? ఈ రంగంలో నాకు అవకాశాలుంటాయా?

జవాబు: మీ లెక్చరర్ చెప్పిన ఫలితం నిజమే కావచ్చు గాని, ‘ఎవరికైనా’ అన్నది చట్టం ఒప్పుకొనే కొలత కాదు. మన 1970 పేటెంట్ల చట్టం దృష్టిలో, ఆవిష్కరణ ఆ రంగంలో నైపుణ్యం ఉన్న వ్యక్తికి ఇట్టే తట్టేది కాకూడదు. దానితోపాటు సాంకేతిక పురోగతి గాని, ఆర్థిక ప్రాధాన్యం గాని అందులో కనిపించాలి. ఆ వ్యక్తి మీరూ కాదు, మీ లెక్చరరూ కాదు. ఆడియో రంగంలో అప్పటిదాకా వెలువడిన సమాచారమంతా అందుబాటులో ఉండి, ప్రతిభ మాత్రం మామూలుగా ఉన్న ఒక ఊహాజనిత ఇంజినీరు.

ఎదురు తరంగంతో శబ్దాన్ని అణచే పద్ధతికి జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందారు కనుక ఆ భాగాన్ని మీరు కోరలేరు. హారన్‌ను గుర్తించే సర్క్యూటూ పాతదే అయి, రెండూ ఒకే డొప్పలో కూర్చుని దేని పని అది చేసుకుంటుంటే తెలిసిన పరికరాల వట్టి కూర్పును ఆవిష్కరణగా ఒప్పుకోని సెక్షన్ 3(ఎఫ్) అడ్డు వస్తుంది. అలా కాక, రొదతోపాటు హారన్‌నూ మింగేస్తున్న సర్క్యూట్‌ను దారికి తేవడానికి మైకును అందరూ పెట్టే చోట కాకుండా మరోచోట అమర్చి, పాత పత్రాలేవీ సూచించని ఫలితం రాబట్టి ఉంటే, మీ వాదనకు బలం ఉంటుంది. జవాబు చూశాక ప్రతి లెక్కా సులువుగానే తోస్తుంది కాబట్టి, పరిశీలించేవారు మీ పరిష్కారాన్ని పక్కన పెట్టి, దరఖాస్తు తేదీకి ముందున్న పత్రాల నుంచే ఆలోచన మొదలుపెట్టాలి. అయితే వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదల చాలదని 1978లోనే, పాత్రల తయారీ పరికరానికి సంబంధించిన బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, సుప్రీంకోర్టు తేల్చింది.

ఆవిష్కర్తల తరఫున దరఖాస్తులు నడిపే పేటెంట్ ఏజెంట్ వృత్తిలో ఈ తూకం వేయడమే అసలు పని. దీనికి లా డిగ్రీ అక్కరలేదు. సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ పట్టా, 21 ఏళ్ల వయసు, భారత పౌరసత్వం ఉండి, పేటెంట్ ఆఫీసు నిర్వహించే పరీక్షలో నెగ్గాలి. సర్క్యూట్ చదవగలిగినవారికి చట్టం నేర్పడం, లాయరుకు సర్క్యూట్ నేర్పడం కన్నా తేలికని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని నల్సార్ అందించే పేటెంట్ చట్టం పీజీ డిప్లొమా అందుకు మంచి మెట్టు.

ఈలోగా మీ హెడ్‌ఫోన్‌ను కాలేజీ టెక్‌ఫెస్ట్‌లో పెట్టకండి; దరఖాస్తుకు ముందే బయటపడితే అదీ పాత సమాచారం కింద లెక్కకు రావచ్చు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నై కార్యాలయమే. పూర్తి వివరణ ఇవ్వడానికి ఆ తేదీ నుంచి 12 నెలల గడువుంటుంది.