ఊడిన ముక్కను అతికించే ముందు

చిరంజీవి మనవడికి, గుత్తి నుంచి తాత ఆశీస్సులు.

మీ మామ అమెరికా నుంచి పంపిన నమూనా రైలింజన్ పెట్టె తెరిచేసరికే ఒక పక్క హ్యాండ్‌రెయిల్, అంటే పట్టుకునే కమ్మీల వరస, ఊడి ఉందని, పైన హారన్ రాలిపోయిందని, వెనక బోగీని తగిలించే కప్లర్ కిందికి వాలిందని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఫెవిక్విక్ తేవడానికి అంగడికి బయల్దేరావని కూడా చెప్పింది. తెచ్చి ఉంటే కాసేపు పక్కన పెట్టు నాయనా.

ఫోటో చూడగానే అది ఆల్కో అనే అమెరికా కంపెనీ డీజిల్ ఇంజన్‌కు నమూనా అని గుర్తుపట్టాను. మా రైల్వే షెడ్డులో నేను చేతులు పెట్టిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు ఆ వంశానివే. 1962లో మొదట ఆల్కో నుంచే దిగుమతి చేసుకున్నారు, 1964 నుంచి వారణాసిలో తయారు చేయడం మొదలుపెట్టారు. వాటి మీద ఒక బోల్టు వదులైందంటే బిగించేసి దిగిపోయేవాళ్లం కాదు. స్ప్రింగ్ వాషర్ చచ్చిందా, బ్రాకెట్ పగిలిందా, అదురు ఎక్కడి నుంచి వస్తోంది అని చూసేవాళ్లం. కారణం వదిలేసి బిగిస్తే తర్వాతి ట్రిప్పులో మళ్లీ వదులై వస్తుంది. నీ ఇంజన్ అసలు దాంట్లో 87వ వంతే అయినా దీని విషయంలోనూ ఇదే లెక్క.

కాబట్టి ముందు పెట్టెను చూడు. హారన్ లాంటి ముక్క పోయిందనుకునే ముందు ప్యాకింగ్ స్పాంజి సందులు, పాలిథిన్ కవరు మడతలు, అట్ట మూలలు అన్నీ తెల్లటి గుడ్డ మీద దులుపు. దొరకకపోతే గదిలో లైటు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి పడుకోబెట్టి వెలిగించు. ఆవగింజంత ముక్కకైనా పొడుగ్గా నీడ పడుతుంది, ఇట్టే దొరుకుతుంది. తర్వాత ఇంజన్‌ని పెట్టెలో మళ్లీ పెట్టి, హ్యాండ్‌రెయిల్ ఎక్కడ ఒత్తుకుంటోందో గమనించు. ఎక్కువసార్లు అక్కడే ఊడుతుంది. ఒత్తుకునే చోట స్పాంజిని బ్లేడుతో కోసి గాడి చెయ్యి. ఇంజన్ పైకి తీసేటప్పుడు మధ్యలో ఉన్న ఇంధన ట్యాంకు దగ్గర పట్టుకో, పక్కల కమ్మీలు పట్టి ఎత్తకు.

పని చేసే చోటు గురించి ఒక మాట. కడప ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే కష్టమే, తెలుసు. అయినా ఆ పది నిమిషాలు ఆపాల్సిందే. అంచులున్న పళ్లెంలో తెల్ల గుడ్డ పరిచి, పాత పరుపు స్పాంజి ముక్కను మధ్యలో గాడిలా కోసి, ఇంజన్‌ని అందులో వెల్లకిలా పడుకోబెట్టు. సన్నమొన ట్వీజర్, కంటికి పెట్టుకునే భూతద్దం, అర మిల్లీమీటరు డ్రిల్లు బిట్లు కావాలంటే ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు. ప్రొద్దుటూరులో అన్ని బంగారం అంగళ్లున్నాయి, కంసాలి సామాన్లు అమ్మేవాళ్లను అడుగు, దొరుకుతాయి.

ఇక హ్యాండ్‌రెయిల్. అసలు పని ఇదే, ఓపిగ్గా చదువు.

ముందు అది దేంతో చేసిందో తెలుసుకో. వేలితో మెల్లగా వంచితే తెగకుండా వంగి, మళ్లీ మామూలుగా అయి, తాకితే జారుడుగా అనిపిస్తే అది ఎసిటాల్ అనే ప్లాస్టిక్ అయి ఉంటుంది. అమెరికా డీజిల్ నమూనాలకు దీన్ని బాగా వాడతారు, ఎందుకంటే తగిలినా విరగదు. కానీ దానికి మామూలు గమ్ములేవీ సరిగా అంటవు. ఫెవిక్విక్ పెడితే అంటినట్టే ఉండి రెండో రోజు పెంకులా ఊడొస్తుంది. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే మోడల్ సిమెంటు కూడా దీని మీద పనిచేయదు, అది బాడీ లాంటి గట్టి ప్లాస్టిక్‌కే.

అందుకని దీన్ని అతికించే ఆలోచన మానుకుని, జారిపోకుండా కట్టడి చేసే దారి చూడు. ప్రతి నిలువు కమ్మీ కింద సన్నటి పిన్ను ఉంటుంది, అది బాడీకున్న రంధ్రంలో కూర్చుంటుంది. రంధ్రంలో రంగు, పాత గమ్ము గడ్డకట్టి ఉంటే పిన్ను సగం దాకే దిగుతుంది. చాలాసార్లు రోగమంతా ఇక్కడే. డ్రిల్లు బిట్టును వేళ్ల మధ్య పట్టుకుని చేత్తోనే తిప్పి శుభ్రం చెయ్యి, మిషను వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. గమ్ము లేకుండానే పెట్టి చూడు. అన్ని పిన్నులూ అడుగుదాకా దిగి, పై కమ్మీ పక్క నుంచి చూస్తే తిన్నగా కనబడాలి. వంకరగా ఉంటే చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో కాసేపు ఉంచి, సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచు.

అప్పుడు బాడీ విప్పి లోపలి నుంచి చూడు. పిన్ను మొన బయటికి వస్తే, దాని మీద అరల్డైట్ (రెండు ట్యూబులు కలిపి వాడే గమ్ము) చుక్కను గుండుసూది తలకాయంత పెట్టు. అది ఎసిటాల్‌కు అంటకపోయినా పర్వాలేదు, బాడీ లోపలి గోడను పట్టుకుని పిన్ను చుట్టూ టోపీలా గట్టిపడితే చాలు. పిన్ను మొన కాస్త వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది. బయటి వైపు ఒక్క మరకైనా కనబడదు. రాత్రంతా కదపకు.

ఫెవిక్విక్ గురించి ఇప్పుడు చెప్తాను. అది గాలిలో ఉన్న తేమతో గట్టిపడుతుంది. మన సీమలో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కదా, అందుకే ఒక్కోసారి అంటుకోవడానికి ఆలస్యమవుతుంది. పిల్లలు అప్పుడు ఇంకో చుక్క, ఇంకో చుక్క అని పోస్తారు. అలా పోయకు. దాని ఆవిరి అద్దాల మీదా, మెరిసే రంగు మీదా తెల్లటి పొగలా పేరుకుంటుంది, తుడిచినా పోదు. పొరపాటున అంటితే నెయిల్ పాలిష్ రిమూవర్ తీయకు. అందులో అసిటోన్ ఉంటే గమ్ముతో పాటు రంగూ బాడీ కూడా కరిగిపోతాయి. ట్యూబు ముక్కుతో నేరుగా ఎప్పుడూ పెట్టకు. పింగాణీ పలక మీద చుక్క వేసి, పుల్ల మొనతో అద్ది పెట్టు.

హారన్‌కు అది కూడా అక్కర్లేదు. దాని మీద బరువేమీ పడదు. రంధ్రం సూదితో శుభ్రం చేసి, మామూలు తెల్ల ఫెవికాల్ రవ్వంత పెట్టి కూర్చోబెట్టు. ఆరాక కనబడదు, ఎప్పుడైనా తీయాల్సి వస్తే తడిపితే మెత్తబడుతుంది. వదులై కదులుతున్న కిటికీ అద్దాలకూ ఫెవికాలే.

కప్లర్ దగ్గర మాత్రం గమ్ము వాసన కూడా తగలకూడదు. అది ఇంజన్ కింద తనను పట్టి ఉంచే చిన్న పెట్టెలో అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగాలి, చుక్క లోపలికి జారితే బిగుసుకుపోయి మలుపుల్లో బోగీలను పట్టాలు తప్పిస్తుంది. వాలిందంటే సాధారణంగా కింద స్క్రూ వదులై ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ముందు వెనక్కి తిప్పు. చిన్న టిక్కుమని దిగినట్టు తెలుస్తుంది, అంటే పాత మరలో కూర్చుంది. అప్పుడు ముందుకు బిగించు. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని రంధ్రం పాడవుతుంది. కప్లర్ వేలితో తోస్తే పక్కకి వెళ్లి తనంతట తాను మధ్యలోకి రావాలి, అక్కడికి ఆపు. ఎత్తు చూడాలంటే ఇంజన్‌నీ ఒక మంచి వ్యాగన్‌నీ పట్టాల మీద ఎదురెదురుగా పెట్టి పోల్చు. కప్లర్ నడిమధ్య పట్టా మీది నుంచి సుమారు 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి.

స్క్రూ బిగించినా వాలుతుంటే ఆ కప్లర్ పెట్టె మూతే వంగి ఉంటుంది. మూత తీయాల్సి వస్తే లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉండొచ్చు, అది ఎగిరిందంటే దొరకదు. పెద్ద పాలిథిన్ కవరులో ఇంజన్‌ను పెట్టి, చేతులు కూడా లోపలే ఉంచి విప్పు. స్ప్రింగు కనబడగానే దాంట్లోంచి ఒక దారం దూర్చి పెట్టుకో.

అంతా అయ్యాక కరెంటు ఇవ్వకముందు, చేత్తో మెల్లగా పట్టాల మీద తోసి చూడు. ఏ పైపో మెట్టో చక్రానికి రాసుకుంటుంటే అప్పుడే తెలుస్తుంది. మూత విప్పేముందు మాత్రం ఫోటో తీసి నాకు పంపు, ఏ వైపు నుంచి నొక్కాలో చూసి చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ తాత