ఆర్‌బీసీ ఎక్కువ, హిమోగ్లోబిన్ తక్కువ: ఇదేం లెక్క?

ప్రశ్న: అక్కా, మాది హుజూరాబాద్. పెళ్లయ్యాక ఈ మధ్యే డాలస్ వచ్చాను. మామూలు చెకప్‌కని పోతే రక్తం తీశారు. సాయంత్రానికే ఫోన్‌లో రిపోర్ట్ వచ్చింది, దాని నిండా ఎర్ర గుర్తులే. హిమోగ్లోబిన్ 11.2, ఎంసీవీ 66 తక్కువట. ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాల) కౌంట్ 5.6 మాత్రం ఎక్కువట. డాక్టర్ ఇంకా ఏమీ చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: చెల్లే, పరేషాన్ కాకు. ఇక్కడ అమెరికాలో 2021 నుంచి రిపోర్టును డాక్టర్ చూసేదాకా ఆపి ఉంచకూడదని రూల్. వరంగల్‌లో అయితే ల్యాబ్ కాగితం పట్టుకుని నేరుగా డాక్టర్ దగ్గరికే పోతాం. ఇక్కడ డాక్టర్ ఫోన్ చేసేదాకా మనమూ గూగులూ మిగులుతాం, వచ్చిన చిక్కంతా అదే! పైగా ఆ 'నార్మల్' హద్దులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మందిని చూసి గీసినవి. కొంచెం అటూ ఇటూ అయినా ఎర్ర గుర్తు పడుతుంది.

ఆడవాళ్లకు ఆర్‌బీసీ కౌంట్ మైక్రోలీటరుకు 42 నుంచి 54 లక్షలు, మగవాళ్లకు 47 నుంచి 61 లక్షలు ఉంటుంది. ల్యాబును బట్టి కాస్త మారుతుంది. నీ 5.6 అంటే 56 లక్షలు. ఒంట్లో నీళ్లు తగ్గినా, సిగరెట్లు తాగినా, డెన్వర్‌లాంటి ఎత్తైన ఊళ్లో ఉన్నా ఇది పెరుగుతుంది. కానీ అప్పుడు హిమోగ్లోబిన్ కూడా పెరగాలి. నీకు తగ్గింది.

కిటుకు ఎంసీవీలో ఉంది. అది కణం సైజు. 80 నుంచి 100 ఉండాలి. అంటే నీ కణాలు లెక్కకు ఎక్కువే, సైజుకు చిన్నవి. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవే అవుతాయి కానీ, సరుకు లేక కౌంట్ కూడా సాధారణంగా పడిపోతుంది. కౌంట్ నిలబడి సైజే తగ్గితే తలసీమియా ట్రెయిట్ ఉందేమో చూడాలి. అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా జబ్బు జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచే రావడం. 1973లో మెంట్జర్ అనే డాక్టర్ ఒక చిన్న లెక్క చెప్పాడు: ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించు. 13 కంటే తక్కువొస్తే ట్రెయిట్ వైపు, ఎక్కువొస్తే ఐరన్ వైపు. నీది 11.8. ఇది అనుమానమే, తీర్పు కాదు.

మన దిక్కు 'రక్తం తక్కువుంది' అంటే చాలు, ఐరన్ గోళీలు మొదలు. ట్రెయిట్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మింగినా హిమోగ్లోబిన్ కదలదు, పైగా అక్కర్లేని ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది. సూట్‌కేసులో తెచ్చుకున్నవి ఉంటే పక్కన పెట్టు. ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే టెస్ట్), తర్వాత హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే టెస్ట్) రాయమని డాక్టర్‌ని అడుగు. ఆ వరస ఎందుకంటే, ఐరన్ తక్కువుంటే రెండో టెస్టులో చూసే ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం కూడా తగ్గి ట్రెయిట్ కనపడకుండా పోవచ్చు. ఏ2 3.5 శాతం దాటితే బీటా తలసీమియా ట్రెయిట్ అన్నమాట.

ఫెరిటిన్ తక్కువొస్తే అప్పుడు ఐరన్ డాక్టరే ఇస్తారు. గోళీ వేసుకున్న వెంటనే చాయ్ తాగకు. నెలసరిలో ఎక్కువగా పోతుంటే సిగ్గుపడకుండా చెప్పు. ఆయాసం, ఛాతీ నొప్పి, నల్లటి విరేచనం ఉంటే మాత్రం ఫోన్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లు.

ట్రెయిట్ జబ్బు కాదు, మామూలుగానే బతకొచ్చు. అయితే పిల్లల్ని కనాలనుకుంటే ముందే మీ ఆయనకూ టెస్ట్ చేయించాలి. ఇద్దరికీ బీటా ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు తలసీమియా మేజర్ (తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే పెద్ద జబ్బు) వచ్చే అవకాశం 25 శాతం. ఆదిలాబాద్ వైపు గోండుల్లో కనిపించే సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ట్రెయిట్ కూడా అదే ఎలక్ట్రోఫోరెసిస్‌లో తెలుస్తుంది. మీ ఇద్దరిలో ఒకరికి సికిల్ సెల్ ట్రెయిట్, ఇంకొకరికి బీటా ట్రెయిట్ ఉన్నా బిడ్డకు చిక్కే.

ఇంకో పని. బీరువాలో నీ పాత రక్త పరీక్ష కాగితాలేమైనా ఉంటే మీ అమ్మను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమను. అప్పుడూ ఎంసీవీ అరవైల్లోనే ఉందంటే ఇది కొత్తగా వచ్చింది కాదు. ఆ ఫొటో డాక్టర్‌కు తప్పకుండా చూపించు.